ప్రమీలమ్మ రంగేసిన తలకాయలు

ప్రమీలమ్మ ఇంటికి ఓవెన్ వచ్చి మూడేళ్ళయింది గానీ, దానికి ఒక్కనాడైనా వేడెక్కే యోగం పట్టలేదు. బళ్ళారి కంటోన్మెంట్‌లో కాపురముండే కోడలు అనూష ముచ్చటపడి కొనిచ్చింది. కురుగోడులో పూటపూటా జొన్నరొట్టె తినే ఇంటికి కేకుల పొయ్యి ఎందుకమ్మా అని ప్రమీలమ్మ అడగలేదు. అడిగితే పిల్ల చిన్నబుచ్చుకుంటుంది. అందుకని దానికి లేసు గుడ్డ కప్పి, పైన ప్లాస్టిక్ రోజాపూల కుండీ పెట్టి, టీవీ పక్కన కూర్చోబెట్టింది. వచ్చినవాళ్ళు చూశారు, మెచ్చుకున్నారు. ఓవెన్‌కు అంతకంటే ఏం మర్యాద కావాలి?

ఆ మర్యాద సుబ్బరామి చేతిలో మంటగలిసింది.

సుబ్బరామి ఆమె మొగుడు. ముప్పై ఏళ్ళు దోణిమలై గనుల్లో టిప్పర్ తోలి, మోకాళ్ళు అరిగి ఇంట్లో కూర్చున్న మనిషి. కూర్చున్నవాడు ఊరికే కూర్చున్నాడా, చేతిలోకి ఫోను తీసుకున్నాడు. అందులో ఎవరో సీసం కరిగించి, గాలపు ముల్లు మెడకు శనగగింజంత తలకాయ పోసి, దానికి రంగుపొడి పట్టించి నీళ్ళలో వేస్తే, మూరెడు చేప పట్టుకుని వచ్చింది. వానపాము లేదు, పిండి ఉండ లేదు. ఆ తలకాయ రంగు చూసే చేప మోసపోతుందట.

"రంగు చూసి మనుషులే మోసపోతాండారు, చేప ఎంత?" అన్నాడు సుబ్బరామి.

టైర్ల కొట్టులో చక్రాలకు బిగించే పాత సీసం ముక్కలు ఏరి తెచ్చాడు. ఇనుప గేట్లకు రంగేసే సిద్ధేశ్ దగ్గర డబ్బాల అడుగున మిగిలిన పొడి, ఎరుపొకటి పసుపొకటి తెచ్చాడు. అది కుంచెతో పూసే రంగు కాదు. విభూతిలా పొడిపొడిగా ఉంటుంది. వేడి లోహానికి తగిలితే కరిగి అంటుకుంటుంది. తర్వాత బట్టీలో పెట్టి కాలిస్తే రాయిలా గట్టిపడుతుంది. మరి బట్టీ ఎక్కడిది? టీవీ పక్కన ఉండనే ఉంది.

ప్రమీలమ్మ సంతకు పోయి వచ్చేసరికి రోజాపూల కుండీ నేలమీద ఉంది. ఓవెన్ పెరట్లో రేకుల కొట్టంలో ఉంది.

"ఏందయ్యా ఇది? కోడలిచ్చిన దాంట్లో సీసం కాలుస్తాండావా?"

"మూడేండ్ల నుంచి నువ్వేం కాల్చినావు దాంట్లో?"

"తీసి లోపల పెట్టు. అనూష వచ్చి కేకు చేస్తానంటే ఏం చెప్పేది?"

"చెయ్యగూడదమ్మే. సీసం పోయినాక దాంట్లో తిండి వండేది లేదంట. ఫోన్లో గట్టిగా చెప్పినారు. ఇంక అది ఈ పనికే."

తాను చేసిన తప్పునే సాక్ష్యంగా చూపించి దావా గెలిచేవాళ్ళుంటారు. సుబ్బరామి ఆ రకం. ప్రమీలమ్మ కాసేపు నిలబడి ఆలోచించింది. వండటానికి పోతే పోయింది, చూపించుకోవడానికైనా దక్కాలి గదా.

"సరే విను. నెల తిరిగినాక వచ్చే ఆదివారం మధ్యాన్నం బస్సుకు అనూష వస్తాండాది. ఆ లోపల నీ తలకాయకు ఒక్క చేప పడి నా చట్టిలోకి రావల్ల. రాలేదా, నీ సీసమంతా పాత సామాన్ల గుజిరీకి పోతాది, ఓవెన్ టీవీ పక్కకు పోతాది."

"పడితే?"

"పడితే నాకు నోరు లేదు. కొట్టంలోనే పెట్టుకో."

పక్కింటి నెట్టికంటప్ప గోడ మీదినుంచి వింటున్నాడు. కాలువలో వానపాములతో రోజూ నాలుగు చేపలు పట్టి తెచ్చే మనిషి. "నేను సాక్షి అక్కా" అన్నాడు. ఎవరూ అడగలేదు.

మొదటి వారం సుబ్బరామి చేసిన తలకాయలు చూస్తే చేపలు కాదు, కాకులు కూడా పారిపోయేట్టున్నాయి. సీసాన్ని మంట మీద మరీ కాల్చి పొడిలో ముంచితే, రంగు ముద్దలు ముద్దలుగా పట్టుకుని జారింది. భయపడి తక్కువ కాలిస్తే పొడి అంటనే లేదు. దారం కట్టే కన్నం రంగుతో పూడిపోయింది. ఓవెన్‌లో తీగకు వేలాడదీసినవి ఒకదానికొకటి అతుక్కుని కవలలయ్యాయి.

ప్రమీలమ్మ సంతోషంగానే చూస్తూ ఉంది. కానీ నలభై ఏళ్ళు పెనం ముందు కూర్చున్న మనిషికి, కళ్ళముందు వేడి చెడిపోతుంటే చేతులు ఊరుకోవు. ఎనిమిదోనాడు ఇక ఓర్చుకోలేక కొట్టంలోకి వచ్చింది.

"పొడి అట్లే గడ్డకట్టి ఉంటే యాడ పడతాదయ్యా? జల్లెడ పట్టినావా?"

"జల్లెడా? ఇది పిండి కాదే."

"పొడి పొడే. జరుగు."

తన పాత జల్లెడ తెచ్చి పొడిని మెత్తగా దూదిలా చేసింది. పట్టకారుతో సీసం తలకాయను పట్టి మంట మీద తిప్పింది. తీసి, రొట్టె పెనం చూసినట్టు చేతి వెనకభాగం దగ్గరగా పెట్టి చూసింది. "ఇంకా కాలల్ల" అంది. మళ్ళీ తిప్పింది. "ఇప్పుడు" అని పొడిలో ఒక్క ఊపు ఊపి తీసింది. పొడి కరిగి, నేరేడు పండు మీద తడిలా నిగనిగలాడింది. అది ఆరకముందే గాజులకు తగిలించుకున్న పిన్నీసు తీసి కన్నం పొడిచింది. సుబ్బరామి నోరు తెరిచి చూశాడు.

"నోరు మూసుకో, పొడి పోతాది" అంది.

ఆ పూటకు ఆరు. మర్నాడు పదకొండు. మూడోనాడు ఎర్ర తలకు పసుపు గడ్డం పెట్టింది. తర్వాత తెల్లపొడి తెప్పించి అగ్గిపుల్ల కొసతో కళ్ళు పెట్టింది. ఎదురింటి దురుగమ్మ చూడటానికి వచ్చి, "అక్కా, బలే ఉండాయి, ఏమివి?" అంటే, "మీ బావ పిచ్చి. నాకేం సంబంధం లేదు" అంది, చేతిలోది ఓవెన్ తీగకు తగిలిస్తూ. పెళ్ళికి పోతే పక్కామె చీర అంచు చూసి, ఈ రంగుల కలయిక తలకాయకు బాగుంటుంది గదా అనుకుంది. పెళ్ళికూతురి ముఖం గుర్తులేదు.

తలకాయలు అరవై దాటాయి. చేప ఒక్కటీ పడలేదు. సుబ్బరామి రోజూ తెల్లారి కాలువకు పోతాడు, ఎండెక్కినాక వస్తాడు. పక్కనే కూర్చున్న నెట్టికంటప్ప బుట్ట నిండుతుంది.

గడువు దగ్గరపడేకొద్దీ ప్రమీలమ్మకు దిగులు పట్టుకుంది. పందెం గెలుస్తోంది, అదీ దిగులు. గెలిస్తే కొట్టం ఖాళీ. తను పెట్టిన షరతు తనే ఎత్తేద్దామంటే మొగుడికి అలుసైపోతుంది. ఆ ఆదివారం పొద్దున దీపం పెట్టి, స్వామీ నన్ను ఓడించు అని నోరారా అడగలేక, వత్తి కాస్త పొడుగ్గా వేసి ఊరుకుంది. ఆయనకు అర్థం కాకపోతుందా.

పదింటికి సుబ్బరామి వచ్చాడు. వెనకే నెట్టికంటప్ప. సుబ్బరామి చేతిలో రెండు కిలోల కట్ల చేప, దాని దవడకు ప్రమీలమ్మ రంగేసిన ఎర్రతల వేలాడుతోంది.

"చూడమ్మే" అన్నాడు. "నీ తలకాయకే పడింది."

ప్రమీలమ్మ చేపను చేతిలోకి తీసుకుంది. చల్లగా ఉంది. పైపైన కాదు, ఎముకలోంచి వచ్చే చల్లదనం. మొప్ప ఎత్తితే ఎరుపు ఎప్పుడో పోయింది. ముల్లు బయటినుంచి లోపలికి గుచ్చి ఉంది. కట్ల పాచి తిని బతికే చేప, ఎరను తరిమే రకం కాదని కాలువ గట్టున పుట్టినవాళ్ళందరికీ తెలుసు. నెట్టికంటప్ప ఎదురుగా ఉన్న గోడను చాలా శ్రద్ధగా చూస్తున్నాడు.

"కొట్లాడిందా?" అని అడిగింది.

"అబ్బో, అర్ధగంట. చేతులు గుంజినాయి."

"పాపం. కొట్లాడి కొట్లాడి చలి పట్టుకున్నట్టుండాది."

ఆమె ముల్లు ఊడదీసి, తలకాయను కొంగుతో తుడిచి వెలుతురుకు పట్టి చూసింది. ఒక్క గీత లేదు. పంటి గాటు లేదు. ఎంత బాగా కాలింది అనుకుంది.

"సరే. ఓడిపోయినా" అని నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు ఎంత బాగా వచ్చిందంటే, సుబ్బరామికి నిజంగానే జాలేసింది.

"మరి అనూషకు ఏం చెప్తావు?"

"మామ పందెంలో గెల్చుకున్నాడని చెప్తా. నేను మాట తప్పేదాన్ని కాదు. నువ్వు కాళ్ళు కడుక్కొని సిద్ధేశ్ కాడికి పోయిరా, నీలం పొడి మిగిలిందేమో."

ఓడిన పెళ్ళానికి ఆ మాత్రం చేయకపోతే బాగుండదని సుబ్బరామి చెప్పులేసుకుని బయల్దేరాడు. నెట్టికంటప్ప కూడా వెనకే జారుకోబోయాడు.

"నెట్టికంటప్పా" అని పిలిచింది ప్రమీలమ్మ, కత్తిపీట ముందుకు లాక్కుంటూ.

"ఏం అక్కా?"

"మీ బావ మళ్ళీ చేప పట్టినప్పుడు, ఐసులో పెట్టనిది చూసి ఇప్పించప్పా. ఐసుదైతే పులుసు చప్పగా ఉంటాది."