ఆరు గుర్రాలూ నీళ్లు తాగిన దినం

తెల్లారి ఆరింటికల్లా మదనపల్లెలో వసుధ రంకులరాట్నం మొత్తం ట్రైలరుకు ఎక్కించేసింది. ఇనుపకమ్ములు అడుగున, రేకుల గొడుగు దాని మీద, అన్నిటికీ పైన గోనెపట్టాల మీద ఆరు కొయ్యగుర్రాలు. బయల్దేరే ముందు ఒక్కోదానికీ అర బక్కెట నీళ్లు పట్టింది. కొయ్యవైతే మాత్రం, ఎండాకాలం దప్పి దప్పే కదా. ఏ ఊరి జాతరలో దించినా ఎవరో ఒకరు బిందెడు నీళ్లు తెచ్చిపెట్టడం మామూలే.

ట్రాక్టరు తోలేది ఆమె మామ బాలప్ప. మొగుడు వినోద్ కువైట్‌లో డ్రైవరు. కరోనాలో రెండేళ్లు జాతరల్లేక రాట్నం కొట్టంలో పడుంటే, గుర్రాల మొహాలు చూడలేక ఆ దేశం పోయినాడు. నాలుగేళ్ల తర్వాత ఈరోజే వస్తున్నాడు. మధ్యాహ్నం బెంగళూరులో దిగి, రైల్లో కుప్పం రావాల. అప్పటికి వీళ్లు కుప్పం జాతరలో రాట్నం నిలిపి ఉండాల. సాయంత్రం అయిదు దాటితే జాగా ఇంకొకరికి ఇచ్చేస్తామని జాతర పెద్ద గంగులయ్య ముందే చెప్పేసినాడు.

పుంగనూరు చేరకముందే వినోద్ ఫోను చేసినాడు.

"విమానం మారే కాడ కూర్చోనుండాను మే వసుధా. మూడు గంటలు లేటంట."

"కూర్చో. ఏం జేస్తాం."

పుంగనూరు దాటి నాలుగు మైళ్లు పోయినారో లేదో ట్రైలరు టైరు పేలింది. బాలప్ప చక్రం ఊడదీసి, ఎదురొచ్చిన బస్సులో వేసుకోని వెనక్కి పోయినాడు. గంటలో వస్తానన్నవాడు రెండు గంటలైనా రాలేదు.

"ఆ సైజు ఈడ లేదంటమ్మా. మదనపల్లె నుంచి తెప్పిస్తాండారు," అన్నాడు ఫోనులో.

ఈలోపల వినోద్ ఇంకోసారి చేసినాడు. ఇంకో నాలుగు గంటలంట.

వసుధ ట్రైలరు నీడలో కూలబడింది. నీడ కూడా జరిగిపోతా ఉంది. ఇటు ఒరిగిన ట్రైలరును లేపడం ఆమెకు చేతగాదు, అటు ఆగిన విమానాన్ని లేపడమూ చేతగాదు. మూడింటికి గంగులయ్య ఫోను చేసి అడిగినాడు, "యాడుండావమ్మా?" అని.

"ఇంకొంచేపు సూడన్నా."

"నా చేతిలో ఏముండాదమ్మా?"

గుర్రాల మూతుల మీద రంగు పగుళ్లిచ్చింది. పక్క టమోటా తోటలోంచి మంగమ్మ అనే ముసలామె అది చూసి బక్కెటతో వచ్చింది. "ఎప్పుడు తాగినాయో ఏమో పాపం. బోరు ఆడతాండాది, పట్టమ్మా."

మొదటి గుర్రం మూతికి బక్కెట పెట్టేసరికి మళ్లీ ఫోను.

"రద్దు చేసేసినారు వసుధా." అన్నాడు వినోద్. "సీటు రేపో ఎల్లుండో తెలీదంట. సూపర్‌వైజరు ఫోన్లో కాగితం పంపినాడు. ఇంకో రెండేళ్ల పనికి సంతకం పెడితే, వెనక్కి పోయే విమానం ఇప్పుడే ఉండాది. ఈ నేల మీద ఇంక కూర్చోలేను. పెట్టేద్దునా?"

వద్దని చెప్పాలనుకుంది. ఏ మొహంతో చెప్పాల? రాట్నం రోడ్డు మీద, జాగా చేయి దాటుతా. ఫోను భుజానికీ చెంపకూ మధ్య ఇరికించుకోని బక్కెట పట్టుకోనే నిలబడింది. గుర్రం మాత్రం జుర్రుజుర్రున తాగుతా ఉంది.

"ఏది తాగతాండేది?" అన్నాడు వినోద్.

"చెవి ఇరిగిన గుర్రం."

"ఇంకా ఎన్నుండాయి?"

"అయిదు."

"ఫోను పెట్టేయొద్దు."

మంగమ్మ నీళ్లు తెస్తా ఉంది, వసుధ పడతా ఉంది. ఆరు గుర్రాలూ తాగేదాకా ఆయన ఆ చప్పుడే వింటా ఉన్నాడు. కడపటిది తాగి, తలెత్తి బుస్సున ఊపిరి వదిలింది. ఆ తుంపర ఫోను మీద పడింది.

"కువైట్ విమానం పోయిందిలే మే," అన్నాడు వినోద్. "నేను ఎక్కలేదు."

బాలప్ప టైరు తెచ్చి బిగించి, వాళ్లు కుప్పం చేరేసరికి ఏడు దాటింది. వాళ్ల జాగాలో ఇంకొకరి జెయింట్ వీల్ తిరుగుతా ఉంది. గంగులయ్య తల దించుకున్నాడు. ఆ ఏడాది వాళ్ల రాట్నం కుప్పంలో తిరగలేదు.

మూడోనాడు పొద్దున కుప్పంలో రైల్లోంచి వినోద్ దిగినాడు. గడ్డం నెరిసింది, కాళ్లు వాచినాయి. ఆయన జేబులోంచి పాస్‌పోర్టు తీసి ఆమె చేతిలో పెట్టి, "ఇది నీ కాడే పెట్టుకో," అన్నాడు.