తామరకొల్లు గట్టుమీద గేటు

నడిచే దారికి ఇనప గేటు పెట్టమని మీకెవడు చెప్పాడయ్యా, రాజమండ్రి ప్రాతఃకాల విహార సంఘం పెద్దమనుషులూ? ఆ కాగితంమీద సంతకం గీకేటప్పుడు మీ చెయ్యి కాస్తయినా తటపటాయించలేదా, సర్పంచి బుల్లిరాజు గారూ? మీ తాతలు పుట్టకముందు నుంచీ పల్లెపాలెం ఆడవాళ్ళు నెత్తిన కుండలతో తొక్కి తొక్కి గట్టిపరిచిన గట్టది. మీరు చేసిందల్లా దానికి అటూ ఇటూ కడియం నర్సరీ మొక్కలు పాతి, తాటిచెట్లకు రంగు బాణాలు వేసి, ఒక ఇంగ్లీషు పేరు తగిలించడం. దొంగతనానికి రంగేస్తే అభివృద్ధి అయిపోతుందా?

తామరకొల్లు పెద్ద చెరువు. ఒక కొసన తూము, తూము పక్కనే బస్సాగే చోటు. రెండో కొసన చేపలు పట్టేవాళ్ళ పల్లెపాలెం. మధ్యన గట్టు. పొద్దున్నే రాజమండ్రి నుంచి వచ్చే ఎర్రబస్సు తూము దగ్గర తిరిగి వెనక్కి పోతుంది. ఆ బస్సు అందితేనే పల్లెపాలెం కొరమీనులు ప్రాణాలతో బజారు చేరతాయి. కొరమీనును బతికుండగానే కొంటారు. చచ్చినదాన్ని ఊరికే ఇస్తానన్నా ముక్కు మూసుకుంటారు. అందుకే ఆడవాళ్ళు వాటిని తట్టలో కాదు, నీళ్ళు పోసిన కుండలో మోసుకెళ్తారు.

లోవమ్మ అలాంటి మనిషే. నలభై దాటింది. మొగుడు చెరువులో వల విసిరితే, ఆమె బజారులో మాట విసురుతుంది. ఆ ఇల్లు నిలబడింది ఆ రెండు విసుర్లమీదే.

ఈ కథలో రెండోవాడు బట్టలకొట్టు మల్లేశ్వరరావు. పంతొమ్మిదొందల ఎనభై నాలుగులో ఆయనకు షుగరొచ్చింది. నడవకపోతే కాలు తీసేస్తానని డాక్టరు బెదిరించాడు. వీధిలో నడిస్తే కుక్కలు తరుముతున్నాయి, గోదావరి గట్టున నడిస్తే కొట్టుకి వచ్చేవాళ్ళు ఎదురై చీరల బేరాలు మొదలెడుతున్నారు. అందుకని తనలాంటి షుగరువాళ్ళనూ, బీపీవాళ్ళనూ పోగేసి సంఘం పెట్టాడు. ‘బస్సులో రండి, సరస్సు చుట్టూ హైకింగు చేయండి, బస్సులో ఇంటికి చేరండి’ అని కరపత్రం వేయించాడు. పసుపు బాణం పట్టుకుపోతే చిన్న చుట్టు. ఎర్ర బాణమైతే పెద్ద చుట్టు. ఆకుపచ్చ బాణం సూర్యోదయ దర్శనానికట. ఆ సూర్యోదయం చోటు పల్లెపాలెం ఆడవాళ్ళు చెంబు పట్టుకుని వెళ్ళే చోటని బాణం వేసినవాడు ఎవరినీ అడగలేదు. మొదటి ఆదివారం సూర్యుణ్ణి చూడబోయిన పెద్దమనుషులు తిట్లు తినొచ్చారు. ఆ తరవాత ఆకుపచ్చ బాణంమీద సున్నం కొట్టారు.

"హైకింగంటే ఏంటండీ?" అని లోవమ్మ ఒకనాడు మల్లేశ్వరరావునే అడిగింది.

"ప్రకృతిలో కాలినడకన తిరగడమమ్మా."

"మరి మా అత్త, ఆవిడత్త చేసిందేంటండీ?"

"అది వేరు. వాళ్ళు పనిమీద తిరిగారు."

"ఓహో. పనిలేనోళ్ళు తిరిగితే హైకింగన్నమాట."

అంతవరకూ నవ్వులాటే. ఒక ఆదివారం ఎవరి కుండలోంచో తొణికిన నీళ్ళమీద కాలేసి మల్లేశ్వరరావు కొత్త కాన్వాసు బూట్లతో సహా వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు లేచి దులుపుకోవాలి. ఈయన లేచి తీర్మానం చేశాడు. చేపనీళ్ళవల్ల దారి జారుతోంది, కంపు కొడుతోంది, గట్టుమీద కుండలూ తట్టలూ నిషేధం. బుల్లిరాజు సంతకం పెట్టాడు. తూము దగ్గర గేటు లేచింది. కాపలాకి లోవమ్మకు బావ వరసయ్యే గంగయ్యను కూచోబెట్టారు. పల్లెపాలెం వాడికే కుర్చీ వేస్తే పల్లెపాలెం నోరెత్తదని వాళ్ళ ఎత్తు.

ఇక ఆడవాళ్ళు పొలాలకడ్డంపడి, కాలవ చుట్టు తిరిగి రావలసి వచ్చింది. వచ్చేసరికి బస్సు పోయేది, దాని పొగ మిగిలేది. ఇంకో బస్సు మధ్యాహ్నం. అప్పటికి కొరమీనులు కుండలో తెల్లపొట్టలు తేలేసేవి. పులుసు పెట్టి పిల్లలకు పోశారు. ఎన్నాళ్ళు పోస్తారు? పులుసులోకి బియ్యం ఎవడిస్తాడు?

"తియ్యి బావా," అంది లోవమ్మ గేటు ఊచలు పట్టుకుని.

"తియ్యకూడదే. కుండతో నిన్నొదిలితే నా ఉద్యోగం ఊడుద్ది."

"నువ్వు పుట్టింది కుండల మధ్యనే కదా!"

"అందుకేనే, కుర్చీ వదలబుద్ధెయ్యట్లేదు."

"మరింకెవరికి తీస్తావ్?"

గంగయ్య వేళ్ళు ముడిచాడు. "సంఘం బ్యాడ్జీ ఉన్నోళ్ళకి. సర్పంచి గారి గేదెలకి. ఇదిగో, ఆషాఢమొచ్చింది కదా, అమ్మోరి గరగలొస్తే వాటికి."

లోవమ్మ ఊచలు వదిలేసింది. గేదెలు ఆమె చేతిలో లేవు. బ్యాడ్జీ ఎవడూ ఇవ్వడు. కుండ మాత్రం నెత్తిమీదే ఉంది.

గరగంటే అమ్మవారి కుండే. పసుపు పూసి, బొట్లు పెట్టి, వేపమండలు చుట్టి నెత్తిన పెట్టుకుని జాతరలో వీధివీధీ తిప్పుతారు. ఎదురైనవాళ్ళు చెప్పులు విడిచి, మోసేవాళ్ళ కాళ్ళమీద నీళ్ళు పోసి దణ్ణం పెడతారు. గరగకు అడ్డం నిలబడ్డవాణ్ణి ఈ చుట్టుపక్కల ఎవరూ చూడలేదు. పెద్దాపురంలో మారిడమ్మ జాతర సాగుతున్న రోజులాయె, ఊరూరా గరగలు తిరుగుతూనే ఉన్నాయి.

ఆదివారం పొద్దున లోవమ్మ కొరమీనుల కుండకు పసుపు పూసింది. మూతికి వేపమండలు కట్టింది. తోడికోడలు సత్యకుమారి వాయించడానికి సత్తుపళ్ళెం పట్టుకుంది గాని, కుండవైపే చూస్తూ నిలబడింది.

"అక్కా, అమ్మోరికి కోపమొస్తేనో?"

"రావాల్సింది గేటు మీద. నామీదే వచ్చిందా, మేమూ మేమూ చూసుకుంటాం. ఇద్దరం ఆడోళ్ళమే. నువ్వు వాయించు."

పళ్ళెం మోగింది. లోవమ్మ ఊగుతూ గట్టంతా నడిచింది. కుండలో చేపలు కొట్టుకుంటుంటే ఊగమని వేరే చెప్పక్కర్లేదు. గంగయ్య కుర్చీలోంచి లేచాడు. ముఖం గుర్తుపట్టాడు, కుండనూ గుర్తుపట్టాడు.

"ఏ అమ్మోరే ఇది?" అన్నాడు గొంతు తగ్గించి.

"నీళ్ళలో తిరిగే అమ్మోరు. తీస్తావా, పూనమంటావా?"

గంగయ్య గేటు బార్లా తీశాడు.

అవతల అప్పుడే బస్సాగి విహార సంఘం దిగుతోంది. బుల్లిరాజు వాళ్ళకు టీలు పోయిస్తున్నాడు. మల్లేశ్వరరావు గరగను చూశాడో లేదో బూట్లు విప్పేశాడు. నడకలో తాగడానికి తెచ్చుకున్న సీసాలో నీళ్ళన్నీ లోవమ్మ కాళ్ళమీద పోసి వంగాడు. లేస్తూ రెండు చేతులూ పైకెత్తి మొక్కేసరికి అవి కుండకు తగిలాయి. వేపమండ జారింది. లోపలి పెద్ద కొరమీను ఎగిరొచ్చి ఆయన పాదాలమీద పడింది.

పుట్టి బుద్ధెరిగాక చేపను కూరలో కూడా చూడని మనిషి. నల్లటి ఒళ్ళు, మీద మచ్చలు, అచ్చం పాము తల. ఆయనకు ఇంకేం కనపడుతుంది?

"నాగేంద్రుడు!" అని కేకపెట్టి గట్టుమీద సాష్టాంగపడ్డాడు. "అమ్మ నాగరూపంలో దర్శనమిచ్చింది!"

సంఘమంతా పడింది. ఆయన భార్య రాజరాజేశ్వరి సంచీలోంచి కుంకుమ తీసి, తలేదో తోకేదో తెలియని కంగారులో తోకకు బొట్టు పెట్టింది.

లోవమ్మకు నవ్వు ఆగడంలేదు. పెదవి కొరుక్కుని, మిగతా చేపలతో బస్సువైపు నడిచింది. మెట్టుమీద కండక్టరు సత్తిబాబు టిక్కెట్ల పెట్టె పట్టుకుని విరగబడి నవ్వుతున్నాడు. "ఎక్కు లోవమ్మక్కా, రైట్ చెప్తున్నా!"

ఒక కాలు మెట్టుమీద పెట్టింది. బస్సు అందింది. ఇన్నాళ్ళకి అందింది. అప్పుడు వెనక మల్లేశ్వరరావు గొంతు వినపడింది.

"గుడి కట్టిస్తాను! ఇక్కడే! గేటు దగ్గర్నుంచి పల్లెపాలెం దాకా ఈ గట్టంతా అమ్మవారిది. ఇకమీదట చేప వాసన కూడా గట్టెక్కడానికి వీల్లేదు. తలారా స్నానం చేసి, మడి కట్టుకున్నవాళ్ళకే నడక. సర్పంచి గారూ, గేటుకి ఇంకో తాళం వేయించండి!"

"తప్పకుండానండీ," అన్నాడు బుల్లిరాజు. చప్పట్లు కూడా కొట్టాడు.

"ఎక్కక్కా," అని సత్యకుమారి కొంగు లాగింది.

లోవమ్మ ఎక్కలేదు. గేటు దాటాలని వచ్చింది, గుడి కట్టించి పోతోంది. ఇవాళ బజారుకి వెళ్తుంది, సరే. రేపు? గట్టు మడి అయిపోయాక గరగ కూడా దాటనివ్వరు. నోరు విప్పితే ఏమవుతుందో తెలుసు. మోసగత్తె అంటారు, అమ్మవారిని ఎగతాళి చేసిందంటారు, బస్సూ పోతుంది, చేపలూ పోతాయి. మెట్టుమీద కాలు వెనక్కి తీసింది. కుండ సత్యకుమారి నెత్తికెత్తి గేటు దగ్గరికొచ్చి, నాగేంద్రుణ్ణి మొప్పల్లో వేలు పెట్టి పైకెత్తింది.

"అపచారం!" అన్నారు ఇద్దరు ముగ్గురు.

"కొరమీనండి," అంది లోవమ్మ. "కిలో పైనే ఉంటుంది. సర్పంచి గారూ, మీరు చెప్పండి. ఇది పామా, చేపా?"

బుల్లిరాజు టీ గ్లాసులోకి చూశాడు. "నాకు... దూరం సరిగ్గా ఆనట్లేదు లోవమ్మా."

"మొన్న మీ గొంతులో ముల్లడ్డం పడినప్పుడు ఆనింది కదండీ? ఆ చేప నేనిచ్చిందే!"

"కొరమీనేనండి బాబూ!" అని బస్సులోంచి సత్తిబాబు అరిచాడు. "మా ఇంట్లో ప్రతి ఆదివారం దర్శనమిస్తుంది!"

బస్సంతా గొల్లుమంది. మల్లేశ్వరరావు ముఖం కుంకుమరంగుకి తిరిగింది. నుదుటికంటిన మట్టి తుడుచుకుంటూ లేచాడు. "అమ్మవారి పేరు చెప్పి మమ్మల్ని మోసం చేస్తావా?"

"నేను అమ్మోరన్నానా? మొక్కమన్నానా? కుండ చూసి మీరే పడ్డారు. నిన్నా ఇదే కుండ, ఇవాళా ఇదే కుండ. మండ కడితే గేటు తెరుచుకుంది, మండ తీస్తే మూసుకుపోద్ది. అమ్మోరినాపితే పాపమండీ మీకు. ఆడదాన్నాపితే తీర్మానం!"

 చేప ఆమె చేతిలో ఒకసారి గింజుకుంది. రాజరాజేశ్వరి మొగుడి చెవి దగ్గర ఏదో అంది. ఆయన విదిలించుకున్నాడు. ఆవిడ ఈసారి గట్టిగానే అంది, "నడవడానికే కదండీ వచ్చాం, ఆవిడా నడవడానికే కదా వచ్చింది." బస్సులోంచి ఒక్కొక్కరే దిగి గేటు చుట్టూ మూగారు. డ్రైవరు ఇంజను కట్టేశాడు. గంగయ్య కుర్చీని కాలితో పక్కకు నెట్టి, తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. ఎవరికివ్వాలో తెలియక లోవమ్మవైపు చూశాడు.

"నాకొద్దు బావా, ఆ తాళంచెవి," అంది లోవమ్మ. "మల్లేశ్వరరావు గారూ, నడవండి. రోజూ నడవండి, మీ కాళ్ళు చల్లగా ఉండాలి. చేపనీళ్ళు పడినచోట మేం ఇసక చల్లుతాం. కాని గేటు ఉండటానికి వీల్లేదు. బుల్లిరాజు గారూ, సంతకం పెట్టిన చేత్తోనే పారతో రండి. రేపంటే కాదు, మీటింగంటే కాదు. గుంజలతో సహా పీకాలి. ఇప్పుడే, ఈ బస్సు కదిలేలోపు పీకండి!"