వెనక్కి తిరిగిన ఫ్యాను

అక్షరాలు యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నాను. వత్తులు తప్పుతాయి, పేజీకి రెండు రోజులు పడుతుంది. పెద్ద మనసుతో చదవండి. మాట్లాడేది నా మంచం కింది ఫ్యాను. రాసే చెయ్యి మాత్రం నాది.

నేను ఒక ఇంజను ఫ్యానుని. రేడియేటర్ వెనక నిలబడి, బయటి గాలిని లోపలికి లాగి ఇంజనును చల్లబరచడం నా పని. మొదట పట్నంలో ఒక కారులో ఉండేదాన్ని. ఆ కారు గుద్దుకుని తుక్కైపోతే, మాడుగుల మెకానిక్ రామునాయుడు నన్ను ఏరి తెచ్చి జగ్గారావు పాత జీపుకి బిగించాడు. కొండదారిలో, ఘాటీ మీద సంతకు మనుషుల్ని చేరవేసే జీపు అది. జగ్గారావు ఇంటిల్లిపాదికీ అదే కూడు.

బిగించాక పసుపు రాసి, బొట్టు పెట్టి నన్ను తిప్పారు. జీపు ముందు అగరొత్తులు పట్టుకున్న రామునాయుడి భార్య ఎర్నమ్మ దగ్గింది.

"ఇదేటి, పొగ లోనకెల్లకుండా నా మొకం మీదకొస్తంది?"

"ఒలే, ముప్పయ్యేళ్ళ మెకానిక్కుని నాను. నువ్వెల్లి పొయ్యి ఊదుకో!"

అందరూ నవ్వారు. నా బ్యాటరీ తీగలు తారుమారయ్యాయి, లోపలికి రావలసిన గాలిని నేనే బయటికి నెడుతున్నాను. నాకైతే నోరు లేదు. నోరున్న ఎర్నమ్మా ఊరుకుంది.

సంత రోజున, ఘాటీ సగంలో ఇంజను ఉడికి పట్టేసింది. "తాగేసి నీళ్ళు పొయ్యడం మర్సిపోనాడు" అన్నాడు రామునాయుడు. ఊరూ అదే అంది. జీపు తుక్కుకి పోయింది. జగ్గారావు చేతికి మళ్ళీ ఎవరూ బండి ఇవ్వలేదు. రామునాయుడు నన్ను ఇంటికి తెచ్చి, అప్పుడు కలిపినట్టే బ్యాటరీకి కలిపి చూసి, తప్పు తెలుసుకుని అటకెక్కించాడు. ఎర్నమ్మ చూసింది. మొగుడి పరువు పోతుందని తొమ్మిదేళ్ళు ఆ నిజం మింగింది. సిగ్గుతో నా రెక్కలు తుప్పుపట్టాయి.

రామునాయుడు పోయాక, అతని దినం నాడు జగ్గారావే వచ్చి వంటకు కట్టెలు కొట్టాడు. "మావ సేతి పని బంగారం" అన్నాడు. ఎర్నమ్మ తల దించుకుని జరిగింది చెప్పేసింది.

జగ్గారావు గొడ్డలి నేలకానించాడు. "నాకెందుకు సెప్తావు అత్తా? నీళ్ళు పోసేనని నాకెరికే. నా పెల్లాం నూకరత్నానికి సెప్పు. మంచినీళ్ళు తాగినా నా గ్లాసు వాసన సూస్తాది."

ఎర్నమ్మ ఆ సాయంత్రమే వెళ్ళింది. నూకరత్నం కూర్చోమనలేదు.

"నోటిమాట ఎవులు నమ్ముతారు? కాయితం మీద రాయి. ఏలిముద్ర ఒద్దు, నీ సేత్తోనే పేరెట్టు. సంతలో సదివిస్తాను."

ఎర్నమ్మ నన్ను అటక దింపి వెంట తెచ్చుకుని, అక్షరాలు దిద్దింది. మూడేళ్ళు పట్టింది. ఇదే ఆ కాగితం. నేను సంతకం పెట్టలేను. ఆవిడ పెడుతోంది.

రొంగలి ఎర్నమ్మ, రామునాయుడి భార్య,
అరవై ఒక్క ఏళ్ళు,
ప్రస్తుతం చోడవరంలో, కూతురి ఇంట్లో.