గని వాకిట్లో అన్న బూట్లు

ఈ ఉదయం మా ఊరి ఈతకొలను ఇంకా కట్టని రోజుకు వెళ్ళిపోతుంది. నీళ్ళున్న చోట కొలతల కర్రలు పాతి ఉన్నాయి. భోజనం వేళకు అవి కూడా ఉండవు.

ఉత్తర ధ్రువానికి దగ్గరగా, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న ఈ బొగ్గు ఊరిని కంపెనీ మూసివేసింది. మూసిన ఊరు పాడుబడుతుందని మేము అనుకున్నాము. పాడుబడడం లేదు, వచ్చిన దారినే వెనక్కి పోతున్నది. చివర కట్టినది ముందు పోతుంది. ఈతకొలను తరువాత ఆసుపత్రి, దాని తరువాత బడి. చిట్టచివర గని పోవాలి, అన్నిటికంటే ముందు వచ్చింది అదే కనుక.

గనిలో మా అన్న ఓదెలు ఉన్నాడు.

ఇక్కడ ఒక ఆచారం ఉంది. బొగ్గు మసి లోపలికి రాకూడదని ప్రతి గడప బయటా బూట్లు విప్పాలి. ఇంటికైనా, బడికైనా, చర్చికైనా. బూట్లు బయట ఉంటే మనిషి లోపల ఉన్నట్టు. మనిషి లోపల ఉన్న తలుపుకు ఎవరూ తాళం వేయరు. తాళం పడని కట్టడం వెనక్కి పోదు.

అన్న ఈ ఆచారాన్ని గనికి కూడా పాటించాడు. తోటివాళ్ళు నవ్వారు. "అన్నం వెట్టే జాగల చెప్పులతోని తిరుగుతమా?" అని, పాదాలకు గోనెపట్టలు చుట్టుకుని దిగిపోయాడు. బూట్లు గని వాకిట్లో ఉన్నాయి. ఆయన కుడిచేతి వేళ్ళు రెండు వంగవు. లేసులు ఎప్పుడూ నేనే కడతాను. ఎడమ బూటుకు రెండు ముళ్ళు వేయాలి, లేకుంటే మడమ జారుతుంది.

ఊరి తాళాలు టోరున్ దగ్గర ఉంటాయి. ఆమె ఈ దేశపు మనిషి, అయినా ఆమె మాట మేము విడిచి వచ్చిన బెల్లంపల్లి మాటలాగే వినబడుతుంది. ఈ చలికి భాషలన్నీ గడ్డకట్టి ఒకే పలకగా మారాయి.

"బడికి తాళమేసి అస్తున్న," అంటుంది టోరున్. "బల్లలన్నీ చెట్లయ్యి, వరుస తప్పకుంట రేవుల ఉన్న ఓడెక్కినయ్. పిల్లలకన్న నయం."

"ఓడల నాకు జాగుంటదా?"

"నువ్వు ఊళ్ళెకు అచ్చిన రోజు మొన్ననే ఎనుకకు పోయింది, తమ్మీ. లెక్కకైతే నువ్వింక రానే లేదు. రానోణ్ణి ఎట్ల ఎక్కియ్యాలె?"

"మరి అన్న?"

"ఆయన బూట్లున్నయ్ గద. ఉన్నన్ని దినాలు ఆ తలుపు ముట్ట."

ఆమె నడుముకున్న తాళాలగుత్తి ప్రతి పూటా తేలికవుతున్నది.

గని వాకిట ఒక ఇనుప గొట్టం ఉంది. దానికి నోరు పెట్టి పిలిస్తే అన్నకు వినబడుతుంది.

"అన్నా, పైకి రా. ఆసుపత్రి పోయింది."

"మనకేం రోగమున్నదిరా."

"ఓడకు పొగగొట్టం పోయి తెరచాపలు మొలిచినయ్. గని పోతే నువ్వు రాయిల ఉండిపోతవ్."

"అస్త, అస్త. ఇంకొక్క బొగ్గు టబ్బు నిండనీ." గొట్టంలో నీటి చప్పుడు వస్తుంది. "ఈడ కప్పు మీద, రాతిల, ఆకుల అచ్చులున్నయ్. ఇయ్యాల కొన్ని పచ్చగైనయ్. వాడుతయని నీళ్ళు జల్లుతున్న."

"నీ బూట్లల్ల మంచు నిండింది."

"ఆరవెట్టు మరి. ఏం తమ్మునివిరా నువ్వు? తడి బూట్లేసుకొని ఓడెక్కాల్నా?"

నేను బూట్ల పక్కన కూర్చుంటాను. ఇది వేసవి, సూర్యుడు అస్తమించకుండా కొండల చుట్టూ తిరుగుతాడు. ఇప్పుడు ఎదురు దిక్కున తిరుగుతున్నాడు. వేసవైనా బూట్లలో మంచు పడుతుంది, దులుపుతాను. మళ్ళీ పడుతుంది, మళ్ళీ దులుపుతాను. ఇళ్ళు పోతాయి. ఇళ్ళ మధ్య దారులు పోతాయి. చర్చి గంట ఒక్కసారి మోగి, ఇంకా పోత పోయని కంచు అవుతుంది.

చివరికి గని మిగిలింది. దాని ఎదుట, మొదట వచ్చినవాళ్ళు వేసుకున్న చెక్క గుడిసె మిగిలింది. గుడిసెలో పొయ్యి ఉంది.

బూట్ల తోలు బిగిసిపోయింది. వేలితో కొడితే పింగాణీలా మోగుతుంది. అన్న పైకి వచ్చినా పాదం దూరదు. వాటిని ఎత్తుకుని గుడిసెకు వెళతాను. నా బూట్లు గడప బయట విప్పుతాను. అన్న తవ్విన బొగ్గే పొయ్యిలో వేసి, ఆయన బూట్లను మంట ఎదుట పెడతాను. తోలు మెత్తబడుతుంది. పాత చెమట వాసన మెల్లగా లేస్తుంది. నేను సరైన పని చేస్తున్నాను.

బయట తాళం పడిన చప్పుడవుతుంది.

నా బూట్లు తొడుక్కుని, అన్న బూట్లు చేత పట్టుకుని వెళతాను. కొండ నిండుగా ఉంది. దానికి నోరు లేదు. నోరు ఉండిన గుర్తు లేదు. మంచు ఒక్క మడత లేకుండా పరుచుకుని ఉంది. దాని ముందు టోరున్ నిలబడి ఉంది.

"బూట్లు లెవ్వు," అంటుంది. "ఎల్లిపోయిండనుకున్న."

"ఆరవెట్టిన."

ఆమె బూట్లలో చెయ్యి పెట్టి చూస్తుంది. "మంచిగ ఆరినయ్," అంటుంది.

"తాళం తియ్యి, అక్కా."

"దేనికున్నది తాళం?"

ఆమె అరచేతిలో చివరి తాళంచెవి ఎర్రటి ఇనుప రాయిగా మారి ఉంది. తరువాత ఆమె కూడా ఇంకా రాని మనిషి అవుతుంది. ఆమె అడుగుల గుర్తులు కాసేపు ఆగి, ఆమె వెంట వెళతాయి. వెనక్కి చూస్తే గుడిసె లేదు. తవ్వని బొగ్గు మండదు కనుక మంట కూడా లేదు. ఆ మంట వెచ్చదనం మాత్రం బూట్లలో ఉంది.

వాటిని కొండ ముందు పక్కపక్కన పెడతాను. ఆచారం ప్రకారం, ఇప్పుడు లోపల మనిషి ఉన్నాడు.

కొండ ఆలోచిస్తుంది. తెరవడానికి దానికి తలుపు లేదు. మనిషిని లోపల ఉంచుకుని మూసుకుని ఉండడానికి ఆచారం ఒప్పదు. దానికి మిగిలిన దారి ఒక్కటే, ఇంకా వెనక్కి పోవడం.

అది పోతుంది. శిఖరం దిగి గుట్ట అవుతుంది, గుట్ట దిగి వెచ్చని బురద అవుతుంది. మంచు కరగదు; ఇంకా పుట్టలేదు, అంతే. బురదలోంచి బొగ్గు పొర వెంట పొర లేచి నిలబడి అడవి అవుతుంది. ఆకులు తడిగా ఉన్నాయి, ఎవరో ఇప్పుడే నీళ్ళు జల్లినట్టు.

ముందు వరుసలో ఒక చెట్టు ఉంది. గాలికి దాని కొమ్మలన్నీ వంగుతాయి. కుడి వైపు రెండు రెమ్మలు మాత్రం వంగవు. అది తన వేర్లను బురదలోంచి లాగి, తుడుచుకుని, ఒకటొకటిగా బూట్లలోకి దింపుతుంది. తరువాత నా వైపు వంగి ఆగుతుంది.

నేను మోకాళ్ళ మీద కూర్చుంటాను. కుడి బూటుకు ఒక ముడి వేస్తాను. ఎడమ బూటుకు రెండు.

చెట్టు ఒక అడుగు వేసి చూసుకుంటుంది. మడమ జారదు. ఓడ లేని సముద్రం వైపు, మసి అంటని నేల మీద, అది నడిచిపోతుంది. అప్పుడు మిగిలిన అడవి అంతా బారులు తీరి వచ్చి, వట్టి వేర్లతో, ఒక్కొక్క కాలు ముందుకు చాపి, నా ఎదుట నిలబడుతుంది.