బురదలో మూడు చిల్లులు

సాయంత్రం అయిదింటిలోపు దోషి దొరక్కపోతే మహిపాల్ ఉద్యోగం ఊడుతుంది. అప్పటికే నాలుగుంపావు.

నాచారంలోని ఆ ల్యాబ్‌లో బల్లమీద, నిలువునా చీల్చిన గొట్టంలో అరేబియా సముద్రపు అడుగునుంచి తీసిన నల్లబురద పడుకుని ఉంది. నీళ్లలో ప్రాణవాయువు తగ్గిన కాలంలో, చచ్చిన జీవాలు పూర్తిగా కుళ్లకుండా పేరుకున్న బురద. అందులోని కార్బన్‌ని బట్టి పొరల వయసు కడతారు. పై పొర పంతొమ్మిది వేల ఏళ్లు, కింది పొర ఇరవై ఒక్క వేలు. నడిమి పొర మాత్రం ఏడు వేలని తేలింది, తాతకూ తండ్రికీ మధ్య మునిమనవడు దూరి పడుకున్నట్టు.

ఎవరో కొత్త కార్బన్ కలిపారన్నారు ల్యాబ్ పెద్ద కామరాజు. కాకినాడ నుంచి వచ్చి ఉప్పల్‌లో ఇల్లు కట్టుకున్న ఆయనకు శుభ్రతంటే ప్రాణం. పొద్దుటినుంచి విచారణ నడుపుతున్నారు. నమూనా కోసిన పరిశోధకురాలు సత్యవేణి తన గ్లౌజుల డబ్బా చూపించి బయటపడింది. ఇక మిగిలింది కాంట్రాక్టు పనివాడు మహిపాల్. బీడీ తాగుతావా అని అడిగారు. లేదన్నాడు. మీ నాన్న తాగుతాడా అని అడిగారు.

మహిపాల్ బురదమీదికి వంగాడు. నమూనా కోసిన చోటు పక్కనే వరసగా మూడు సన్నటి చిల్లులు. ఒకదాంట్లో విరిగిన ఎర్రటి పుల్లముక్క, చుట్టూ బూడిద.

దసరాకు ఆయుధపూజ గుర్తొచ్చింది. ఓవెన్‌కీ మైక్రోస్కోపుకీ బొట్లు పెట్టించి, అప్పుడే తెరిచిన ఈ బురదనీ దండేసి పూజలో పెట్టించారు సారు. పళ్లెంలో అరటిపండు లేదు. ఆ పొద్దుటినుంచి ఏమీ తినని మహిపాల్ దాన్ని అప్పటికే గుటుక్కుమనిపించాడు. వెలిగించిన అగరొత్తులు చేతబట్టుకుని, మంత్రం ఆపకుండా, గుచ్చడానికి మెత్తటి చోటు వెతుక్కున్నారు సారు.

నిజం చెబితే ముందు నైవేద్యం దొంగ తనే. చెప్పకపోతే రేపటినుంచి పనిలేదు. ఎవరో ఎరుకైంది సార్ అన్నాడు.

"అందరి ముందూ గట్టిగా చెప్పు," అన్నారు కామరాజు. "ఎవరైనా సరే, వదలను. పేరు చెప్పు."

మహిపాల్ పుల్లముక్కను పట్టకారుతో తీసి ఆయన ముందు పెట్టాడు.

"దసరనాడు అరటిపండు తిన్నది నేనే సార్. పండు లేదని అగరొత్తులు తీస్కపోయి గీ బురదల గుచ్చింది మాత్రం కామరాజు సార్."