అయ్యగారికి అందేలా

నేను ఒక టెన్నిస్ రాకెట్టుని. విజయనగరంలో ఈ ఆఫీసర్ల క్లబ్బులో మాత్రం అందరూ నన్ను బ్యాటనే అంటారు. నేనూ అలవాటు పడిపోయాను. ఎక్కడో దూరదేశపు ఫ్యాక్టరీలో నల్లటి కార్బన్ పొరల్ని అచ్చులో పెట్టి, కాల్చి, నన్ను తయారు చేశారు. పుట్టుక గురించి నాకు అంతకన్నా గుర్తులేదు.

నన్ను కొన్నది రిటైరైన ఇంజనీరు ముకుందరావు గారు. పాత బ్యాటు వల్లే తన ఆట పాడైందని ఆయన నమ్మకం. నేనొచ్చాక కూడా బంతి నెట్‌కే తగులుతుంటే తప్పు నాదేనని తేల్చేశారు. నా గట్టింగు, అంటే తీగల అల్లిక, తెగిన రోజున, "గవరయ్యా, ఇది మీ పిల్లకిచ్చుకో" అని నన్ను వదిలించుకున్నారు. మనిషి మంచివాడే.

గవరయ్య క్లబ్బులో మార్కరు. అంటే సభ్యుల చేత ఆడించడం, జత కుదరకపోతే తానే ఆడటం ఆయన పని. కోర్టు వెనక గదిలో కాపురం. తల్లి లేని కూతురు పైడితల్లి ఒక్కర్తే. నాకు కొత్త గట్టింగు వేయించి పైడి చేతిలో పెట్టాడు. ఎండెక్కకముందే నెట్ దగ్గర నిలబెట్టి వాలీ, అంటే బంతి నేల తాకకముందే కొట్టడం, నేర్పేవాడు.

"బ్యాటు ఎనక్కి తియ్యకమ్మా. ఊపొద్దు. బంతి నీకాడికొచ్చేదాకా ఆగకు, నువ్వే ఓ అడుగు ఎదురెళ్ళు. పిడికిలి బిగించి చిన్న పోటు, అంతే."

బంతి తగిలే క్షణంలో ఆ పిల్ల పిడికిలి నా పిడి చుట్టూ బిగిసేది. ఆ చప్పుడు వింటే నన్ను దేనికి తయారు చేశారో నాకు తెలిసేది.

తర్వాత గవరయ్య మోకాలు అరిగిపోయింది. సాయంత్రం డబుల్స్‌లో మనిషి తక్కువైతే పైడి నిలబడాల్సి వచ్చింది. ఆ క్లబ్బులో ఎక్కడా రాయని పద్ధతి ఒకటుంది. మార్కరు సభ్యుణ్ణి ఓడించకూడదు. ఆడినంతసేపూ ఆడించాలి.

"అయ్యగారు పరిగెట్టలేరు. బంతి ఆయన బ్యాటు కాడికే ఎల్లాలి" అన్నాడు గవరయ్య.

"అలాగైతే నాకు వాలీ ఎలా వస్తాది నానా?"

"ముందు మనకి ఈ గది ఉండాలి గదమ్మా."

పైడి బుద్ధిగా నేర్చుకుంది. బంతి తగిలేటప్పుడు పిడికిలి వదులు చేసి, దాని వేగం చంపి, ఎదుటివాళ్ళ చేతికి అందించడం తేలిక కాదు. అందులో ఆరితేరింది. ముకుందరావు గారు తన ఆట మెరుగుపడిందని అందరికీ చెప్పుకున్నారు.

విశాఖపట్నంలో క్రీడా హాస్టల్‌కి సెలక్షన్లు పెట్టారు. తీసుకుంటే చదువూ, తిండీ, కోచింగూ అక్కడే. తీసుకోకపోతే తండ్రి మోకాలికి బదులు పైడి క్లబ్బులో మార్కరు కావాలి, బడి మానెయ్యాలి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. సెలక్షన్ల రోజున ఇద్దరూ బస్సెక్కారు.

చివరి మ్యాచిలో పైడే ముందుంది. ఎదుటి పిల్ల పక్కకి చెయ్యి చాచి ఎలాగో తిప్పికొట్టిన బంతి నెట్ మీద నెమ్మదిగా లేచింది. అవతల కోర్టు సగం ఖాళీ. పైడి అడుగు సరిగ్గా వేసింది, నన్ను సరిగ్గా ఎత్తింది. బంతి తగిలే క్షణంలో పిడికిలి వదులైపోయింది. బంతి వెళ్ళి ఆ పిల్ల బ్యాటు ముందే పడింది. ఆ పిల్ల ఒక్క క్షణం నమ్మలేక, తర్వాత కొట్టేసింది. ఆ తర్వాతి పాయింటూ అంతే. ఆ తర్వాతిదీ అంతే. మ్యాచి పోయింది.

"చెయ్యి మంచిదే. గెలవాలన్న కసి లేదు" అన్నాడు బెంచీ మీది సెలక్టరు, పక్కాయనతో.

"ఖాళీ అంతా అటేపుంది గదమ్మా, ఆ పిల్ల చేతికే ఎందుకిచ్చావు?" అన్నాడు గవరయ్య, బస్సెక్కాక.

"ఏమో నానా. ఎదర మనిషి కనబడితే చెయ్యి అలాగే ఎల్లిపోతంది."

గవరయ్య మోకాలు పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

మర్నాడు సాయంత్రం ముకుందరావు గారు నవ్వుతూ వచ్చారు. "పోన్లేమ్మా, మాకు ఆడేవాళ్ళు మిగిలారు. నెట్ దగ్గర నీకు ప్రాక్టీసు చాల్లేదు. నేను నేర్పిస్తాగా, నిలబడు."

నిజంగా ప్రేమతోనే అన్నారు. ఆయన కొట్టిన బంతి పైడి భుజం ఎత్తున వచ్చింది. అప్పుడు బిగిసింది ఆ పిడికిలి. బంతి ఆయన పక్కనుంచి దూసుకుపోయి వెనక కంచెకి తగిలింది. అంత మంచి వాలీ నా ఒంటి మీద ఎప్పుడూ పడలేదు.

ముకుందరావు గారు మొహం తుడుచుకుని, "మెల్లిగానమ్మా" అన్నారు.

గవరయ్య కుంటుకుంటూ కంచె దాకా వెళ్ళి బంతి తీసుకొచ్చి, రెండు చేతులా అందించాడు. "తప్పయిపోయిందండి అయ్యగారూ. సిన్నపిల్ల."

"తప్పయిపోయిందండి" అంది పైడి కూడా.

ఆయన మళ్ళీ కొట్టారు. బంతి అదే ఎత్తున వచ్చింది. నా పిడి మీద ఆ వేళ్ళు ఒక్కొక్కటే వదులయ్యాయి. బంతి మెత్తగా వెళ్ళి ఆయన చేతికందింది.

"అదీ, అలా ఆడాలి" అన్నారు ముకుందరావు గారు.