మూపురం లేని ఎలుగు

మా ఆయన ఎమ్మెట్ ఒట్టి మొండివాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ మొండితనంతో వేగుతూనే వచ్చాను. అమెరికాలో మోంటానా కొండల్లో, మా లోయలో పుట్టిన ప్రతి పిల్లకీ నడక రాగానే ఒక పాఠం చెబుతారు: గోధుమరంగు ఎలుగు మీద పడితే చచ్చినట్టు పడుకో, నల్లది పడితే కలబడు. గోధుమరంగుది గ్రిజ్లీ. మనవల్ల దానికి ముప్పు లేదనుకుంటే వదిలేసి పోతుంది. నల్ల ఎలుగు మీద పడిందంటే మాత్రం తినడానికే.

మెలికల్లా ఏమిటంటే, నల్ల ఎలుగుల జాతిలోనూ గోధుమరంగువి పుడతాయి. అందుకే రంగు చూడకూడదు, భుజాల మీద మూపురం చూడాలి. ఎద్దుకున్నట్టు మూపురం ఉంటే గ్రిజ్లీ, లేకపోతే నల్లది. ఎలుగుల తోళ్లు వలిచిన మా నాన్న నాకు చెప్పిన మాట ఇది. చెబితే ఎమ్మెట్ ఎగతాళి చేసేవాడు.

"అది మీదికొస్తుంటే ఆగమని చెప్పి వీపు తడుముతావా ఏమే?"

"నీ తల తడిమితే ఏం దొరుకుతుందిలే, అంతా ఖాళీయే," అనేదాన్ని.

ఆగస్టులో హకిల్‌బెర్రీ కాయలు కోయడానికి కొండెక్కాం. బరువంటూ ఎమ్మెట్ తుపాకి బండిలోనే వదిలేశాడు. పొదలకు అటు అతను, ఇటు నేను. ఉన్నట్టుండి కొమ్మలు విరిగిన చప్పుడు, వెంటనే ఎమ్మెట్ కేక. పరుగెత్తాను.

గోధుమరంగు ఎలుగు అతన్ని పడగొట్టింది. పాఠంలో చెప్పినట్టే బోర్లా పడుకుని, చేతులు మెడ వెనక పెనవేసుకుని, కదలకుండా ఉన్నాడు. నేను ఎలుగు వీపు చూశాను. మూపురం లేదు.

"లేవరా ఎమ్మెట్, అది నల్లది. లేచి కొట్టు."

"నోర్మూసుకో. గ్రిజ్లీ ఇది. పోతుంది," అన్నాడు మట్టిలోంచి.

అది పోలేదు. భుజం కొరికి కండ పీకింది. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. అయినా అతను మెదల్లేదు. డొక్కలో పంజా వేసి చీల్చినా మెదల్లేదు. ఆ మొండితనానికి మొక్కాలో తన్నాలో తెలియలేదు.

నా చేతిలో కాయలు రాల్చే చెక్కపెట్టె ఉంది, దాని ముందువైపు దువ్వెన పళ్లలా ఇనప చువ్వలు. "నీ అమ్మ కడుపు మాడ," అంటూ ఎలుగు మూతి మీద మోదాను. అది తిరిగి ఒక్క పంజా విసిరింది. నా చెంప ఊడి వేలాడింది. నేను వదల్లేదు. మోదుతూనే ఉన్నాను, ఒక చువ్వ దాని కంట్లో దిగి విరిగేదాకా. అప్పుడది బొబ్బరిస్తూ వాలులోకి దొర్లి, నెత్తురు కార్చుకుంటూ పొదల్లో పడి పారిపోయింది.

ఎమ్మెట్‌ని వెల్లకిలా తిప్పాను. పేగులు బయటికొచ్చాయి. నా చొక్కా విప్పి గాయం మీద అదిమాను గానీ, లాభం లేదని ఇద్దరికీ తెలుసు.

"పోయిందా?"

"పోయింది."

"గ్రిజ్లీయేగా?"

నా నోటినిండా నెత్తురు. ఉమ్మేసి, "గ్రిజ్లీయే. నువ్వన్నట్టే, దానంతటదే పోయింది," అన్నాను.

"చెప్పలా," అన్నాడు, ఎంతో సంబరంగా.

బండి దాకా ఈడ్చుకొచ్చేసరికి అతని ఒళ్లు చల్లబడింది. దారిపొడుగునా తిడుతూనే ఈడ్చాను.